ఎవరూ చూడని పాదం

అబ్బ, ఎందుకంత మెల్లగా సిస్టరమ్మా? లాగెయ్యండి ఆ దూది. నొప్పిగా ఉందా, నొప్పిగా ఉందా అని ఎన్నిసార్లడుగుతారు? నొప్పే తెలిస్తే ఈ బల్ల మీదికి ఎందుకొస్తాను చెప్పండి! షుగరుకి రెండు పాదాల్లోనూ స్పర్శ ఎప్పుడో చచ్చింది. మీరు కత్తెరతో కోసినా నేను ఆ ఫ్యాను చూస్తూ పడుకుంటాను.

నన్నెక్కడో చూసినట్టుందా? చూసే ఉంటారు. మీ కింది వరండాలో గోడమీద ఫొటో ఉంది కదా, ఒక కాలికి బూటు, ఒక కాలికి ఏమీ లేకుండా, చేతిలో మైకు... ఆ, ఆయనే. నేనే! అద్దాల మాస్టారంటారు. మాస్టారు లేదు, మన్నూ లేదు. బళ్ళో పాఠం చెప్పిన పాపాన పోలేదు. బస్సు డ్రైవర్ని.

ఇంజను వేడికి ఎడమకాలు కాలింది. తెలియలేదు. చీము పట్టింది, రెండు వేళ్ళు తీసేశారు. క్లచ్చు తొక్కే కాలు కదా, ఇక బండి ఇవ్వరు. డిపోలో ఓ మూల కూర్చోబెట్టారు. ఓ రోజు మేనేజరు వచ్చి, "షుగరు పరీక్ష చేయించుకోమని మేం చెబితే డ్రైవర్లు వినడం లేదు, నువ్వు నాలుగు ముక్కలు చెప్పవయ్యా" అన్నాడు. నాకేం వచ్చు మాట్లాడటం? హాల్లో డ్రైవర్లందరి ముందూ నిలబడ్డాను. ఏం చెయ్యాలో తోచక బూటు విప్పి కాలు చూపించాను.

వెనక వరసవాళ్ళు కూడా లేచి నిలబడి చూశారమ్మా! మర్నాడు సగంమంది రక్తపరీక్షకి పరిగెత్తారు. ఒకడు సిగరెట్లు మానేశాడు, వాడి పెళ్ళాం మా ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుని... సరే, ఇప్పుడదంతా ఎందుకులెండి.

అదిగో, అలా మొదలైంది. ఫ్యాక్టరీలు, ఆఫీసులు, కాలేజీలు. ప్రోగ్రాములన్నీ మా బావమరిది చూసుకుంటాడు. వచ్చినవాళ్ళకి తలా ఓ చేతి అద్దం ఇస్తాం. "మొహం పొద్దస్తమానం చూసుకుంటారు, అరికాలు ఎప్పుడైనా చూసుకున్నారా?" అంటాను. అక్కడ నవ్వుతారు. తర్వాత బూటు విప్పుతాను. అక్కడ నవ్వరు. మనుషులు మారారు సిస్టరమ్మా, అది మాత్రం అబద్ధం కాదు. తాగుడు మానినవాళ్ళున్నారు, కాళ్ళు దక్కించుకున్నవాళ్ళున్నారు.

ఇప్పుడు మీరేం అడగబోతున్నారో నాకు తెలుసు. అందరికీ అద్దాలు పంచినవాడికి ఈ కుడికాలు ఇంతదాకా ఎలా వచ్చిందనే కదా? శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని నవ్వుకోండి, నాకేం ఫరవాలేదు.

చూసుకున్నానండీ! రోజూ చూసుకున్నాను. ఎడమకాలు. కడిగి, వేళ్ళ సందులు తుడిచి, క్రీము రాసి, గోళ్ళు తీసి... వందలమంది చూసే కాలు మరి! చూడండి, పెళ్ళికొడుకులా లేదూ? కుడికాలు ఎవడిక్కావాలి? అది బూటులోంచి బయటికే రాదు. జనం చూడరు, నేనూ చూడలేదు. మొదట్లో మా ఆవిడ రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుని చూసేది. "నాకు తెలీదా, ఊరికే చాదస్తం" అని నేనే మాన్పించాను.

వేదిక మీద తివాచీ జరక్కుండా మేకులు కొడతారు. ఒకటి ఊడి, మొన పైకి తిరిగి ఉంది కాబోలు, బూటు అడుగులోంచి నా కాల్లోకి దిగింది. దాంతోనే ఊళ్ళు తిరిగాను. మేకు కాల్లో పెట్టుకుని, "కాలు జాగ్రత్త" అని చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు. ఇంటికొచ్చాక సాక్సులు ఉతుకుతూ చీమూ నెత్తురూ చూసి మా ఆవిడ కేక పెట్టింది.

చీలమండ దాకా తీసెయ్యాలన్నారు మీ డాక్టరుగారు. రేపు పొద్దున్నే. మీకు తెలిసే ఉంటుంది, అందుకే ఇంత మెల్లగా చేస్తున్నారు.

ఇందాక బావమరిది వచ్చాడు. "బావా, ఎన్నాళ్ళలో నిలబడతావు? ఇకమీదట నీ మాటకి ఇంకా బలం వస్తుంది" అన్నాడు. ఏమిటలా చూస్తారు, ఒళ్ళు మండిందా? వాడు చెడ్డవాడేం కాదు. వాడి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. నాకు కోపం రాలేదు. వాడికంటే ముందే నేననుకున్నాను ఆ మాట.

డాక్టరుగారు చెప్పి వెళ్ళగానే మా ఆవిడ ఇదిగో, ఈ స్టూలు మీదే కూలబడింది. మొహం చేతుల్లో పెట్టుకుని ఒకటే ఏడుపు. "లోకంలో అందరి కాళ్ళూ చూసుకోమన్నారు, మీ కాలు నన్ను చూడనిచ్చారు కాదు కదండీ" అంది. ఆ మాటకి మొగుడనేవాడికి ఏమవ్వాలి? గుండె తరుక్కుపోవాలి. కనీసం భుజం మీద చెయ్యైనా వెయ్యాలి.

నాకేమీ కాలేదు సిస్టరమ్మా. భయం వెయ్యలేదు, ఆవిడ మీద జాలీ కలగలేదు. ఎంత మంచి మాటందీ అనుకున్నాను. దీన్ని ఎక్కడ చెప్పాలి, బూటు విప్పకముందా, విప్పాకా? చెప్పాక ఎంతసేపు ఆగాలి? అదీ నా ఆలోచన. పెదాలు కదిపి ఓసారి అనుకుని చూశాను కూడా.

ఆవిడ తలెత్తి చూసింది. పెదాలు కదలడం చూసింది. ఇన్నేళ్ళ కాపురం, అర్థం కాకుండా ఉంటుందా? కళ్ళు తుడుచుకుని బయట బెంచీ మీద కూర్చుంది. ఇంకా లోపలికి రాలేదు.

పిలుస్తారా? వద్దు, వద్దు, పిలవకండి. వస్తే ఏం చెప్పను? నాకిప్పుడు మైకు ముందు చెప్పే మాటలు తప్ప వేరేవి రావు.

కట్టెయ్యండి. గట్టిగా కట్టినా ఫరవాలేదు.