మారికగెడ్డకి కచేరీ ఎలగొచ్చింది

...ఆ ముసల్ది దాలెమ్మే, ఊరి మొగలో తాడుకాడ కాపలా కూకుంది. రా అన్నా, ఇటు జరిగి కూకో, ఇప్పుడే ఎత్తుకున్నాను. మన మారికగెడ్డకి తాలూకా కచేరీ ఎలగొచ్చిందో సెప్తన్నాను. మా మామ్మ సెప్పిందే, నానేటీ కలపలేదు. అప్పుడిది నాలుగు కొంపల ఊరంట. కచేరీ ఇక్కడెట్టాలా, గెడ్డనీళ్ళు దాటి అవతల పెదరేవులో ఎట్టాలా అని సూడ్డానికి తాసీల్దారుగారు గుర్రమెక్కి వొస్తన్నారంట. సోమయాజులు పంతులుగారని, కొండ కింద పల్లం నుంచొచ్చే బాబు. ఏమైందంటే, ఆయనొచ్చే పాలికి ఊళ్ళో అమ్మోరు పోసింది. దాలెమ్మ మనవరాలు సింగారికి ఒళ్ళంతా పొక్కులు, కళ్ళు తెరవదు. తల్లీతండ్రీ లేని గుంట అనుకో, ముసల్దానికి అదొక్కతే. అమ్మోరొస్తే ఊళ్ళోకొచ్చే దారి మొగలో ఏపాకు తాడు కట్టీసేవోరు. లోపలికి ఎవులైనా రావొచ్చు. వొచ్చినోడు అమ్మోరిని సాగనంపేదాకా బయటికెల్లకూడదు. ఎల్తే ఆ తల్లికి కోపమొచ్చి మంచం మీదున్నోల్లని తీసుకుపోద్దంట.

గవరయ్యనాయుడని ఊరిపెద్ద, దూరంగా గుర్రం సూసి గజగజలాడిపోనాడంట. తిప్పి పంపితే కచేరీ పెదరేవుకెల్లిపోద్ది. లోపలికి తెస్తే మల్ల పంపకూడదు. ఏటి సేస్తాడు? దాలెమ్మ అందంట కదా, "ఇక్కడ అమ్మోరుందని ఆ బాబుకి సెప్పీయరా గవరయ్యా, రావడం మానడం ఆయనిష్టం." నాయుడు "నువ్వూరుకోయే అప్పా, కొంప ముంచకు" అనీసి ఎదురెల్లి, "పండగ తోరణం బాబూ, దయసెయ్యండి" అని తాడు పైకెత్తి పట్టుకున్నాడంట. సూడండర్రా, భయం మనిసి సేత ఎలాటి అబద్ధమాడిస్తాదో.

పంతులుగారు ఊట సూసినారు, మెట్ట సూసినారు, మొకం సిట్లించినారు. నీళ్ళు బాగున్నాయి గాని పెదరేవే చదును, నే వెళ్ళొస్తానని గుర్రమెక్కీసినారంట. అప్పుడు దాలెమ్మ ఏం జేసిందంటే, లెగిసి, తాడుకి ఇవతల, గుర్రం కాళ్ళకి అడ్డంగా పడుకుండిపోయింది. కూడా వొచ్చిన బంట్రోతు కొరడా ఎత్తినాడు. "లేవవే ముసలీ! పిచ్చా నీకు?" అన్నారు పంతులుగారు. "పిచ్చి కాదు బాబూ, అమ్మోరు. నాయుడు నీకు సెప్పకుండా దాసీసినాడు. నువ్వు తాడు దాటితే నా గుంట సచ్చిపోద్ది. ఎల్తే నన్ను తొక్కించుకుని ఎల్లు."

ఆ మాటతో పంతులుగారు పాకకేసి తిరిగి సూసినారంట. పాకలోంచి గుంట మూలుగు ఇనపడతన్నాది. మెల్లగా గుర్రం దిగీసినారు. ఎందుకు దిగినారు? మామ్మయితే జాలిపడి అంటాది. మా మావయ్య, జబ్బు పల్లానికి మోసుకుపోకూడదని అంటాడు. నాకు తెల్దు. దిగినారు, అంతే. మెట్టమీద గుడారమేయించినారు. అర్జీలోల్లు తాడవతల నిలబడి అరిసేవోరు, ఈయన తాడివతల కూకుని తీర్పులు సెప్పేవోరు. పెదరేవోల్లూ గెడ్డ దాటి ఇక్కడికే రావాల్సొచ్చింది. నాయుడేమో పంతులుగారు తుమ్మితే ఉలిక్కిపడేవోడు, దగ్గితే ఉలిక్కిపడేవోడు. రోజూ ఆయన సేతులకేసే సూసేవోడంట, పొక్కు లెగిసిందా అని. లెగిసింది. నాయుడు భయపడ్డదే అయింది.

సింగారి బతికిందిలెండి. ఆవిడే మా మామ్మకి అమ్మ. పంతులుగారు మట్టుకు దక్కలేదు. జనం అప్పటికే అర్జీ అంటే మారికగెడ్డే అనీసుకున్నారు, ఆ గుడారమేసిన కాడే కచేరీ కట్టీసినారు. ఇప్పుడందులో కూకున్న బాబులు మజ్జేన్నం అన్నానికెల్లి మల్ల రారు, మనమేటనగలం! గాని ఆ పంతులుబాబుకి తెలివి తప్పతన్న పొద్దుట దాలెమ్మ ఉండబట్టలేక తాడుకాడికి పరిగెత్తిందంట. గుర్రానికి అడ్డం పడుకున్నదే, తనే ముడిమీద సెయ్యేసి ఏడస్తన్నాది. "నువ్వెల్లిపో బాబూ, నాను ముడిప్పీస్తాను. డోలీ కట్టిస్తాను, పల్లం ఎల్లి బతుకు" అందంట. ఆయన గుడారంలోంచే, "పిల్ల లేచిందా?" అన్నారంట. "ఇంకా లేదు బాబూ" అంది. మరింక ఆయన మాటాడింది ఒకటే. మామ్మ ఎలగంటాదో అలగే అంటాను:

"అయితే ముడి విప్పకు."