బొత్తానికి వదలడం నేర్పిన వదిన

నీ కుక్కని వెనకగదిలో కట్టేస్తానంటావేమే? పది రోజుల్లో సెలవులకి అందరూ దిగుతారు, మీద పడి గోల చేస్తుందని భయం, అంతేగా. ఆ గొలుసు పక్కన పెట్టి ఇలా కూర్చో. మా వదిన సంగతి చెప్తా. మీ తాతయ్యకి అక్క, నువ్వు పుట్టేసరికే లేదు. వీధి గదిలో కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కల సగంమందికి బట్టలు కుట్టేది. ఆవిడకో కుక్క, బొత్తాం. కళ్ళు అచ్చం కోటు బొత్తాలే. ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతూ వదిలేసిన పిల్ల అది. అందుకేనేమో, వచ్చేవాళ్ళని ఏమీ అనేది కాదు, వెళ్ళేవాళ్ళనే పట్టుకునేది. చేతిలో సంచి కనబడిందా, కుచ్చిళ్ళో పంట్లాం అంచో నోట కరుచుకుని గుమ్మంలో కూలబడేది. ఆ ఏడు మా పిన్నత్తగారి పట్టుచీర చిరిగింది. వదిన కుట్టిచ్చిందనుకో, కుడితే మాత్రం కనబడదూ. మీ తాతయ్య కోపం నీకు తెలీదులే, నీ దగ్గరికొచ్చేసరికి మెత్తబడిపోయారు. "అక్కా, ఈ సెలవులకి పధ్నాలుగు మంది వస్తున్నారు. ఇంకొక్క బట్ట చిరిగిందా, అది ఈ ఇంట్లో ఉండదు" అనేశారు.

వదిన వాదించలేదు. "ఎన్ని రోజులుందిరా?" అంది. పదిహేడు. మర్నాడు పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టింది. మిషను పక్కన పాత దుప్పటి పరిచి, దానిమీద బొత్తాన్ని కూర్చోబెట్టి, చెప్పులేసుకుని, సంచి పట్టుకుని, "వెళ్ళొస్తానమ్మా" అని గుమ్మం దాటేది. పది లెక్కపెట్టి వచ్చేసేది. అది కదలకుండా ఉంటే బిస్కట్ ముక్క. లేచిందా, ఒక్క మాట అనదు. మళ్ళీ చెప్పులు, మళ్ళీ సంచి. రోజుకి ముప్ఫైసార్లు. ఎదురింట్లో గడియారాలు బాగుచేసే ఆయన నన్ను పిలిచి, "ఏమ్మా, మీ వదిన అలిగి వెళ్ళడమూ, తనే తిరిగి రావడమూనా? ఒక్కసారైనా మీరు బతిమాలకూడదూ" అన్నాడు. నాకేమో సిగ్గు. నన్ను మాత్రం వదిలిందా, పెళ్ళిచీర కట్టించి, పెట్టె చేతికిచ్చి చుట్టాన్ని చేసింది. మీ తాతయ్య తనకి పనుందన్నారు. "ఒరేయ్, నీకు అరగంట ఓపిక లేదు గానీ, దానికి మాత్రం సెలవులన్నాళ్ళూ ఉండాలా?" అంది, మెత్తగానే. ఆయన లేచి చెప్పులేసుకున్నారు.

ఏం చెప్తున్నా? ఆ, సెలవులు. అయిపోయాయి, అందరూ ఒక్కసారే బయల్దేరారు. గుమ్మమంతా సంచులే. దుప్పటి మీద బొత్తాం ఒళ్ళంతా వణుకు. వదిన మిషను ముందు కూర్చుని, కూర్చోమన్నట్టు అరచెయ్యి కిందికి చూపిస్తూ దానివంకే చూస్తోంది. పిన్నత్తగారు కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తిపట్టుకుని కాలవ దాటినట్టు దాటింది. పదమూడో మనిషి, పధ్నాలుగో మనిషి. కదల్లేదు. మీ తాతయ్య డబ్బాలోంచి బిస్కట్ తీసి, ముక్క కాదు, మొత్తం పెట్టారు.

తర్వాత నాలుగేళ్ళకి వదిన ఒంట్లో బాగోలేక ఆసుపత్రికి బయల్దేరింది. సంచి పట్టుకుంది, చెప్పులేసుకుంది. బొత్తాం తనంతట తనే వెళ్ళి దుప్పటి మీద కూర్చుంది. చీర అంచు దాని మూతికి తగులుతూనే వెళ్ళింది. పట్టుకోలేదు. ఆవిడ మళ్ళీ ఇంటికి రాలేదు. అంత బాగా నేర్పింది మరి. నాకే, ఆ ఒక్కసారికి పట్టుకుంటే బావుణ్ణనిపించింది...

సరే, ఆ పాత దుప్పటి ఇలా తే. బిస్కట్ డబ్బా నా ఒళ్ళో పెట్టు. నీది వచ్చేవాళ్ళ మీద పడే రకం కదా, నువ్వు బయటికెళ్ళి తలుపు కొట్టు.