వదిన కుట్టిన లెక్క

ఏమిటే, ఇంకా ఆ లెక్క దగ్గరే ఉన్నావా? ఇలా చూపించు. ఎక్స్ వర్గం ప్లస్ ఆరు ఎక్స్ సమానం నలభై. ఓరి నాయనో, ఇది మా వదిన లెక్కే. మీ తాత భార్య కాదే, మా పెద్దన్నయ్య భార్య. నువ్వు చూళ్లేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. ముందుగదిలో జాకెట్లు కుట్టేది, నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు. అవి ఉండగానే మాట్లాడేది, మాకు గుండె దడ.

నేను పదోది ఒకసారి తప్పాను. అన్నయ్య ఒకటే మాట, "ఈసారీ పోతే చదువు చాలు, మెషీను తొక్కు." నాకేమో చదువుకోవాలని ప్రాణం కొట్టుకునేది. వదిన మాత్రం, "మెషీను నాకే చాలడంలేదు, దీనికెక్కడిది?" అని నన్ను కూర్చోబెట్టింది.

చదరంగా ఓ నీలం ముక్క కత్తిరించింది. "దీని భుజం ఎంతో తెలీదనుకో. పక్కన అదే పొడుగున ఆరంగుళాల వెడల్పు పట్టీ. రెండూ కలిపి వైశాల్యం నలభై." తర్వాత ఆ పట్టీని నిలువునా రెండు చేసి, మూడు మూడుగా పక్కనొకటి, కిందొకటి కుట్టేసింది. మూల దగ్గర ఖాళీ మిగిలింది కదా, అక్కడ మూడు మూళ్లు తొమ్మిదికి ఎర్ర ముక్క. "ఇక్కడ తొమ్మిది వేశావు, అటు నలభైకీ వెయ్యి. నలభై తొమ్మిది. పెద్ద చదరం భుజం ఏడు. మూడు తీసెయ్. నాలుగు." అంతేనే. ఏడాదంతా ఎక్కనిది ఒక్క పూటలో ఎక్కింది. ఆ గుడ్డని మర్నాడే వేడి గిన్నెలు దించడానికి వాడేసింది, మహాతల్లి.

పరీక్షలో అదే లెక్క. ఎగురుకుంటూ ఇంటికొచ్చి, "నాలుగు రాశాను వదినా" అన్నాను. "రెండోది?" అంది. రెండోదేమిటి? "మైనస్ ఏడు వర్గం కూడా నలభై తొమ్మిదేగా. మూడు తీసేస్తే మైనస్ పది." గుడ్డకి మైనస్ పది భుజం ఎలా ఉంటుంది వదినా, అన్నాను. నోట్లో సూదులు తీసి బల్లమీద పెట్టింది. "నిజమే. గుడ్డలో అది కనపడదు. నేనే చెప్పాల్సింది" అంది. ఆ రోజు ఇంక మెషీను ముట్టుకోలేదు.

ఫలితాలొచ్చిన రోజు నాకంటే ముందు తనే బడికి పరిగెత్తింది. పాసయ్యానే, అంచు మీద. నేను పాతికేళ్లు పాఠాలు చెప్పానంటే ఆవిడ చలవే. ఏటా ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడల్లా వెనక బెంచీలో వదిన కూర్చుని "రెండోది?" అన్నట్టే ఉండేది. ఇప్పటికీ...

నువ్వు నాలుగొక్కటే రాశావేం? రెండోది కూడా రాయి. రాసి, ఆ ఫ్యాను కాస్త తగ్గించు.