బూడిదలో దొరికిన గుండీలు

అధ్యక్షులు జడ్జి లెమ్యూల్ పెర్రిన్ గారికీ, నా ప్రసంగం తన ఆదివారపు బోధకన్నా పొడుగైపోతుందేమోనని పక్కన కూర్చుని బెంగపడుతున్న పాస్టరు గారికీ, ఈ రేవు పెద్దలకీ, నాతో కలిసి చేపల పులుసు జుర్రుకున్న మిత్రులందరికీ నమస్కారం.

మధ్యాహ్నం నుంచీ నన్ను ఒకటే పొగుడుతున్నారు. ఒక్కో పొగడ్తకీ గ్లాసులెత్తడం, గ్లాసు దించగానే రేవులో ఫిరంగి పేల్చడం. ఇంగ్లీషు రాజుతో యుద్ధంలో కూడా మనం ఇంత తుపాకిమందు ఖర్చుపెట్టలేదు. (నవ్వులు)

"జేబెజ్ విట్‌లాక్ గారు ఆనాడు సెనేటులో రాజుతో సంధికి ఓటెయ్యబట్టే మన ఓడలు మళ్ళీ సముద్రమెక్కాయి" అన్నారు జడ్జి గారు. కావచ్చు. అయితే ఆ ఓటేసిన వారం తిరక్కుండానే ఇదే సత్రం ముందు మీరు నన్ను తగలబెట్టారు. నన్నంటే, నా గడ్డిబొమ్మని. ఒబెడయ్యా, తల దించుకోకు, దివిటీ పట్టినవాడివి నువ్వొక్కడివేనా, సగం మంది ఈ హాల్లోనే ఉన్నారు. (నవ్వులు) దేశాన్ని రాజుకి అమ్మేశానన్నారు. పోనీండి, రాజకీయాల్లోకి దిగాక తిట్లకి జడిస్తే ఎలా? నేను అప్పుడు రాజధాని ఫిలడెల్ఫియాలో, సెనేటు దగ్గరే ఉన్నాను, ఆ పొగ నాదాకా రాలేదు. అది ఎప్పుడో మరిచిపోయాను.

కోటు సంగతే మరవలేకపోతున్నాను.

బొమ్మకి ఆ మనిషి బట్టే తొడగాలని మనూళ్ళో పట్టింపు కదా. ఊళ్ళో లేనివాడి బట్ట ఎక్కణ్ణించి వస్తుంది? మీలో ఒకరు వెళ్ళి మా తలుపు తట్టారు. ఓడ మునిగి ఒడ్డుకి కొట్టుకొచ్చిన నావికులకోసం బట్టలు పోగుచేస్తున్నామన్నారు. మా ఆవిడ థాంక్‌ఫుల్ గుణం మీకు తెలియనిదా, అడిగినవాళ్ళకి లేదనడం ఆవిడకి చేతకాదు. యుద్ధం రోజుల్లో ఇంగ్లీషు బట్ట ముట్టనని ఒట్టేసుకుని, తనే వడికి, తనే నేసి, నాకు కుట్టిన గోధుమరంగు కోటు తెచ్చి ఇచ్చేసింది. వచ్చినాయన చేతిలో వేడి రొట్టె కూడా పెట్టిందట.

సాయంత్రం కేకలు విని కిటికీలోంచి చూస్తే, ముందు ఆవిడ గుర్తుపట్టింది ఆ కోటునే.

మర్నాడు వానలో వెళ్ళి, ఆ బూడిద కెలికి ఇత్తడి గుండీలు ఏరుకొచ్చింది. ఇందాక డాక్టరు హోబర్ట్ గారు "కొత్త కోటుకి ఈ మాడిపోయిన గుండీలేమిటండీ, మరీ ఇంత పిసినారితనమా?" అని వేళాకోళమాడారు. ఇవి అవేనండి, డాక్టరు గారూ.

నేను ఇల్లు చేరగానే "ఏవండీ, నా చేత్తో నేనే ఇచ్చాను" అంది. "పిచ్చిదానా, వాళ్ళు అబద్ధమాడితే నీ తప్పేముంది?" అన్నాను. వింటేనా! ఎవరొచ్చారో చెప్పమని బతిమాలాను, కసురుకున్నాను. "చెబితే రేపు చర్చిలో మీరు ఆయన పక్కన కూర్చోలేరు, ఊరుకోండి" అంది. ఆ చలికాలమే ఆవిడ పోయింది. జ్వరంలో కోటు గురించి పలవరించింది గానీ ఆ పేరు మాత్రం పైకి రాలేదు. అప్పట్నించీ చర్చిలో ఎవరి పక్కన కూర్చున్నా, ఈయనేనా అని నాకు అనుమానమే. దేవుడు క్షమించాలి, ఒక్క ప్రార్థన మీదా మనసు నిలవలేదు.

మీరు బహుమతిగా ఇచ్చిన ఈ వెండి గిన్నె పుచ్చుకుంటాను, కాదంటే మీకు చిన్నతనం. రేపు పొద్దున పోటుకి పడవెక్కి మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. ఈ వయసులో మళ్ళీ రావడమంటూ ఉండదు. థాంక్‌ఫుల్ ఇక్కడే ఉంటుంది, మీ దగ్గర.

ఆ రోజు మా తలుపు తట్టినవారు ఈ హాల్లో ఉంటే, లేవకండి. నాకు మీ పేరొద్దు. ఆవిడ దాచిన పేరు నేనెందుకు బయటపెట్టాలి? నేను వెళ్ళిపోయాక, ఎవరూ లేనప్పుడు, ఆవిడ సమాధి దగ్గర కాస్త ఆగి, "అమ్మా, తప్పు నీది కాదు" అని ఒక్క మాట చెప్పండి. పాస్టరు గారూ, పోయినవాళ్ళకి వినబడదంటారు, తెలుసు. అయినా చెప్పనివ్వండి. నేను చెప్పి చెప్పి అలిసిపోయాను, నా మాట ఆవిడ నమ్మలేదు. మీరు చెబితే నమ్ముతుంది. ఆ రోజూ మీ మాటే నమ్మింది.

పిలిచి అన్నం పెట్టి గౌరవించారు, అందరికీ కృతజ్ఞతలు. సెలవు.