బియ్యం గ్లాసు

ఆహార సలహాలిచ్చే అమ్మాయి గదిలో పెద్దాయన బరువు యంత్రం దిగి, మెల్లగా చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు.

"ఏడాదిలో పది కిలోలు పెరిగారు బాబాయ్ గారూ. ఇది తగ్గందే మోకాలి ఆపరేషన్ చెయ్యనంటున్నారు డాక్టరుగారు."

"చిరుతిళ్లు ముట్టనమ్మా. కాఫీలో చక్కెర కూడా మానేశాను. గాలి పీల్చినా ఒళ్లొచ్చే తత్వమేమో నాది."

"గాలి సంగతి సరే, అన్నం ఎంత తింటారు?"

"మా ఇంట్లో ఎప్పుడూ వండే కొలతే. పూటకి ఒక గ్లాసు బియ్యం."

"అంతా మీరొక్కరేనా? ఇక చాలు లెమ్మని పిన్నిగారు అనరూ?"

"ఆవిడ పోయి ఏడాదైందమ్మా."

అమ్మాయి చేతిలో పెన్ను ఆగిపోయింది.

"అయ్యో... మరి వంట?"

"నేనే. ఆసుపత్రి మంచం మీంచి ఆవిడే నేర్పింది. గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్లు. అదే పోస్తున్నాను."

"అది ఇద్దరి కొలత కదండీ."

ఆయన ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

"మిగిలింది పారెయ్యడానికి చెయ్యి రాదమ్మా. మళ్లీ వడ్డించుకుంటాను. ఎందుకు మిగులుతోందని ఒక్కనాడూ అనుకోలేదు. ఆవిడ వాటా కూడా నేనే తింటున్నానన్నమాట."

"చిన్న గ్లాసు ఒకటి కొనుక్కోండి."

"వద్దమ్మా, అదే ఉండనీ. సగానికి పోసుకుంటాను."

"రోజూ ఆ ఖాళీ సగం కనపడుతుంది బాబాయ్ గారూ."

"కనపడనీ. ఇన్నాళ్లూ అది చూడలేకే నింపుతున్నట్టున్నాను."