కాటమయ్య కంపు కొట్టని చొక్కా

కాటమయ్య అని గొర్రెలు కాసుకునే ఆయప్ప ఒకడుండె. ఆయప్పకు నీళ్లంటే పడదు, తాగేదానికి తప్ప. ఎండాకాలమంతా రైతుల చేలల్లో మంద నిలిపేది, ఆ మంద నడుమనే కంబళి పరుచుకొని పండుకునేది, తెల్లారి లేచి మొగం మీద రొంత నీళ్లు చల్లుకునేది, అంతే స్నానం. పెండ్లాం సుంకమ్మ నాలుగేండ్లు చెప్పి చూసిందంట. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఒకనాడు ఏమనిందంటే, ఇంగ నా చేత కాదు, మా అమ్మోళ్లింటికి పోతాండా, నీ ఒంటి కంపు పోయిననాడు వచ్చి పిల్చుకోని పో, లేదంటే నీ గొర్రెలతోనే కాపరం చేసుకో అని మూట కట్టుకొని పాయ. పోతే పోనీలే అనుకున్యాడు ఈయప్ప. రెండు దినాలు అట్లే అనుకున్యాడు. మూడోనాడు సంగటి తానే కెలుక్కొని, తానే తిని, ఖాళీ చట్టి దిక్కు చూసి ఏడ్చినాడంట. నిజంగానే ఏడ్చినాడు, అంత పెద్ద మనిషి. ఆయమ్మంటే అంత ప్రాణం, ఆ మాట నోరు తెరిచి చెప్పేది మాత్రం చేతగాదు.

ఏమైందంటే, ఆ వారం సంతకు పోయినాడు. ఆడ ఒకడు చొక్కాలు పరిచి అరుస్తాండాడు. ఈ గుడ్డను వెండి కలిపిన మందునీళ్లలో ముంచి తీసినారు, దీని మీద క్రిమి అనేది బతకదు, వారం దినాలు విప్పకున్నా చొక్కా కంపు కొట్టదు అని. కాటమయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇంగ నీళ్ల పనే లేదనుకున్యాడు. ఆడికాడనే ఒకటి తొడుక్కున్యాడు. వారం దినాలు మందలో తిరిగి, చొక్కా చెయ్యంచు ముక్కు కాడ పెట్టుకొని చూస్తే నిజంగానే కంపు లేదంట. సంతలోవాడు అబద్ధం చెప్పలేదు, అది మీరు గుర్తు పెట్టుకోండి. ఇంగ చూస్కో, సూటిగా అత్తగారూరికి నడిచినాడు.

సుంకమ్మ వాకిట్లోకొచ్చింది. ఏమే, వాసన చూడు అని చెయ్యి చాపినాడు. చూసింది, చొక్కాకు కంపు లేదు. రొంత దగ్గరికొచ్చి మెడ కాడ చూసింది, ఆడుండాది, ఎప్పటి కంపే. నీళ్లు పోసుకున్యావా అంటే, యాల పోసుకోవాల, చొక్కానే క్రిములను చంపుతాది గదా అనినాడు. సుంకమ్మ వాదన పెట్టుకోలేదు. ఇంట్లో ఒక మేకపోతు ఉండాది, పోతు కంపు మీకు తెలుసు గదా. నీ చొక్కా దానికి తొడుగు, పొద్దు మునిగేలోపల దాని కంపు పోతే ఇప్పుడే నీ ఎనకాలే వస్తా, పోకుంటే నేను చెప్పినట్ల ఇనాల అనింది. కాటమయ్యకు ఎంత నమ్మకమంటే, తానే విప్పి తానే తొడిగి, గుండీలు కూడా తానే పెట్టినాడంట.

చొక్కా తొడుక్కోని పోతు వాకిట్లో తిరుగుతాంటే వీధి వీధంతా వచ్చి చూసిందనుకో. పొద్దు మునిగింది. పోతు కంపు పోతుకుండనే ఉండాది. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, అల్లుడా, నువ్వు రొంత ఆ పక్కకు జరుగు, ఈ కంపు దానిదో నీదో తెలియడంల్యా అనిందంట. జరిగినాడు. ఈ పక్కా ఉండాది, ఆ పక్కా ఉండాది. అందరూ నవ్వినారు, సుంకమ్మ ఒక్కతే నవ్వలేదు. కండ్లలో నీళ్లు పెట్టుకొని, నేను కాపరం చేసేది చొక్కాతోనా, నీతోనా అని అడిగింది.

ఆ మాటకు కాటమయ్య లేచినాడు. పోయి నీళ్లు పోసుకునే జలదారి కాడ బండ మీద కూర్చున్యాడు. ఆయమ్మ నీళ్లు కాంచి, పీచు పెట్టి వీపు రుద్దింది. మొదటి కడవ నల్లగా పాయ, రెండో కడవా నల్లగానే పాయ. మూడో కడవకు వీపు మీద ఒక పుట్టుమచ్చ కనపడిందంట. పెండ్లైన కొత్తల్లో చూసినా దీన్ని, ఉండాదనే మర్సిపోయినా అని అప్పుడు నవ్వింది సుంకమ్మ. తెల్లారి ఇద్దరూ కలిసే ఊరికి పోయినారు.

చొక్కాను ఏమీ అనద్దండి నాయనా. దాని గుడ్డను అది కాపాడుకుంటాది, లోపలుండే మనిషి సంగతి దానికేం పట్టింది. ఆయమ్మ దాన్ని కూడా రెండు తూర్లు ఉతికి ఆరేసిందిలే, పోతుకు తొడిగిన చొక్కా గదా. ఏమప్పా నరసప్పా, కథ ఇనుకుంటా అంత నవ్వుతాండావు, నువ్వు రొంత దూరంగా కూర్చోని నవ్వు.