నలభై నిమిషాల ఫారం

చిన్న దుకాణాల, కార్ఖానాల యజమానులు మన సర్వే ఫారం నింపడానికి నిజంగా ఎంతసేపు పడుతుంది? పదకొండేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దానితోనే మొదలుపెడుతున్నందుకు అధ్యక్షులు హెన్రీ గారు, పెద్దలు, ముందు వరుసలో ఉన్న యేసుదాసు గారి భార్య కాంతమణి గారు, తోటి ఉద్యోగులు మన్నించాలి.

ఫారం మొదటి పేజీలో ‘సుమారు నలభై నిమిషాలు’ అని ఉంటుంది. ఆ అంకె నాదే. బేగంపేట ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, మనసులో ఒక దుకాణం పెట్టుకుని, దానికి నేనే యజమానినై నింపి చూశాను. మధ్యలో టీ కూడా తాగాను. (నవ్వులు)

నిబంధన ప్రకారం ఫారం యజమానే నింపాలి, మన మనిషి వెళ్ళి తెచ్చుకోవాలి. ఈ రోజు రిటైరవుతున్న యేసుదాసు గారు అలాగే తెస్తున్నారనుకున్నాం. మొన్న జనవరిలో, ఆయన తెచ్చిన అరవై మూడు ఫారాల్లోనూ చేతిరాత ఒక్కటేనని, సంజాయిషీ పంపమని మన పై అధికారి హెన్రీ గారి నుంచి నాకు ఉత్తరం వచ్చింది. గుండ్రటి, చక్కని చేతిరాత.

బన్సీలాల్‌పేట్‌లో తొమ్మిది మందితో అప్పడాలు చేయించే వీరరాఘవమ్మ గారి దగ్గరికి వెళ్ళి అడిగాను.

“పనోళ్ళ గంటలు రాయమంటరు, గీ ఫారం ముందల నేను కూసునే గంటలు ఎవరు రాస్తరమ్మా? మొదటేడు రెండు దినాలు కూసున్న, కలిపిన పిండంత ఖరాబైంది. ఇప్పుడు సారొచ్చి అడుగుతడు, నేను ఒత్తుకుంట చెప్త.”

ఎందుకిలా చేశారని యేసుదాసు గారిని అడిగాను.

“వాళ్ళు రాస్తే రెండు దినాలు మేడమ్, నేను రాస్తే నలభై నిమిషాలే. మీరు రాసిన మాట అబద్ధం కావొద్దని…”

ఎగతాళేమోనని ముఖం చూశాను. కాదు.

కాంతమణి గారూ, ఆదివారాలు మీ ఆయన చర్చి నుంచి నేరుగా బొల్లారం కార్ఖానాలకు ఎందుకు వెళ్ళేవారో ఇప్పుడు మీకు తెలిసింది. (నవ్వులు) ఫారాలు ఆయనే నింపడం వల్ల ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఫిర్యాదుల్లేవు కనుక నేను ఏటేటా ప్రశ్నలు చేర్చి నాలుగు పేజీల ఫారాన్ని పన్నెండు చేశాను.

సంజాయిషీలో ఏం రాయమంటారని యేసుదాసు గారిని అడిగితే, “జరిగిందే రాయుండ్రి మేడమ్,” అన్నారు. రాశాను. అంకె నాదేనని కూడా రాశాను. నా జీతం వస్తోంది. ఆయన పింఛను కాగితాలు మాత్రం కదల్లేదు. హెన్రీ గారు పైకప్పు చూస్తున్నారు.

రాయకపోతే ఆ రెండు దినాల సంగతి పైవాళ్ళకు ఎప్పటికీ తెలిసేది కాదు. రాసినందుకు ఈ మంచి మనిషి శాలువా కప్పుకుని, చేతిలో ఏ ఉత్తర్వూ లేకుండా ఇంటికి వెళ్తున్నారు. నేను చేసింది సరైన పనో కాదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. విన్నందుకు మీకు, ఇన్నేళ్ళు రాసినందుకు ఆయనకు, కృతజ్ఞతలు. సెలవు.